సంజీవయ్య పార్కు గట్టు, పన్నెండు ఆదివారాలు: శరత్తులో పిట్టల లెక్క

2024 సెప్టెంబరు 8 నుంచి నవంబరు 24 వరకు హుస్సేన్‌సాగర్ ఉత్తరపు ఒడ్డున, సంజీవయ్య పార్కులో రాసుకున్న లెక్కల పుస్తకం ఇది. మీ ఊళ్లో చెరువు ఒడ్డున పార్కు ఉంటే ఇదే పద్ధతిలో మీరూ లెక్కపెట్టొచ్చు. నేను పోగొట్టుకున్న వారాలు మీరు పోగొట్టుకోకూడదని తప్పులను తేదీలతో సహా ఉంచాను. జనం నోట్లో ఆడే తెలుగు పేరు ఉన్న పిట్టకు ఆ పేరే రాశాను. లేనివాటికి ఇంగ్లిషు పేరే వాడాను.

సరంజామా

8×42 బైనాక్యులర్ ఇంట్లో పాతది ఉంది. కొన్నవి: రూళ్ల నోట్‌బుక్, రెండు పెన్సిళ్లు ₹60 (పెన్ను వద్దు, తుంపర పడితే సిరా పాకుతుంది). గుడి ముందు నామజపానికి అమ్మే వేలి కౌంటర్లు రెండు ₹100. పది మీటర్ల టేపు ₹130. రెండు కౌంటర్లు ఎందుకంటే, బాతుల్లో నామాలకోళ్లు (నుదుట తెల్ల నామం ఉండే నల్ల నీటిపిట్టలు) కలిసి ఉంటాయి. ఒక్కో చేత్తో ఒక్కోటి నొక్కుతూ పోవచ్చు, కళ్లు నీటి మీంచి తిప్పక్కర్లేదు.

ఖర్చు ఇప్పటిదాకా: ₹290.

దశ 1. సెప్టెంబరు 8: నడుస్తూ లెక్క

ఉదయం 6:15 నుంచి 8:05 దాకా ఒడ్డు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, అదే దారిన వెనక్కి వచ్చాను. నెల మొదట్లో కురిసిన పెద్ద వానలకు సాగర్ నిండుగా ఉంది. పుస్తకంలో పడ్డవి: 31 రకాలు, గద్దలు 64, నీటికాకులు 38, బాతులు 22.

లెక్క గద్దల దగ్గర చెడింది. నాతోపాటు మా మేనకోడలు వచ్చింది, పదో తరగతి చదువుతోంది. తిరిగి వస్తుంటే పైకి చూసి, "మామా, ఆ గద్దను పోయేటప్పుడు కూడా లెక్కపెట్టినవ్. చూడు, ఎడమ రెక్కల ఒక ఈక లేదు," అంది. బైనాక్యులర్ ఎత్తి చూశాను. రెక్క చివర వేళ్లలా విచ్చుకున్న ఈకల్లో మూడోది లేదు, పన్ను ఊడిన చోట సందులా ఉంది. దాన్ని కనీసం రెండుసార్లు వేసుకున్నాను. ఆనవాలు ఉన్న గద్ద అదొక్కటే. ఆనవాలు లేనివాటిని ఎన్నిసార్లు వేసుకున్నానో చెప్పే దారి లేదు. 64 కొట్టేశాను. నీటికాకులు, బాతుల సంఖ్యలూ కొట్టేశాను. రకాల జాబితా ఒక్కటే మిగిలింది.

ఇప్పటిదాకా: 31 రకాలు, పనికొచ్చే సంఖ్యలు సున్నా.

దశ 2. సెప్టెంబరు 14: నిలబడే చోట్లు

నడక మానేసి, నాలుగు చోట్ల నిలబడి లెక్కపెట్టాలని నిర్ణయించుకున్నాను. శనివారం పొద్దున చేసిన పని ఇది:

1. టేపును ఐదుసార్లు పరిచి 50 మీటర్లు గుర్తు పెట్టాను. మామూలు నడకలో నాకవి 68 అంగలు.
2. చోటుకూ చోటుకూ మధ్య 204 అంగలు, అంటే 150 మీటర్లు.
3. ఒక్కో చోట పది నిమిషాలు. ఫోన్ అలారం మోగగానే కౌంటర్ కింద పెట్టాలి, ఎంత మంచి పిట్ట వచ్చినా సరే.
4. గద్దలను అన్ని చోట్లా కలిపి ఒక్కసారే లెక్కపెట్టాలి: రెండో చోట, పది నిమిషాలు అయ్యాక, ఆకాశాన్ని ఎడమ నుంచి కుడికి ఒకే ఒక్క చూపు.
5. ప్రతి చోటా ఎటు తిరిగి నిలబడ్డామో ఫోన్ దిక్సూచితో డిగ్రీల్లో రాయాలి. ఈ ఐదోదాన్ని ఊరికే రాసి పెట్టుకున్నాను. తర్వాత నన్ను కాపాడింది ఇదే.

నా చోట్ల దిక్కులు: మొదటిది 120 డిగ్రీలు, ఆగ్నేయం వైపు. రెండోది 170. మూడోది 200. నాలుగోది 230.

దూరం అంచనాలో కూడా తప్పు దొరికింది. "ఇక్కడికి వంద మీటర్లు" అనుకున్న చోట మేనకోడలిని నిలబెట్టి టేపుతో కొలిస్తే 65 వచ్చింది. నీటి మీద టేపు పరవలేం కనుక మీటర్లు రాయడం మానేశాను. దగ్గర, మధ్య, దూరం, మూడే గడులు.

దశ 3. సెప్టెంబరు 15: లెక్క లేదు, శనగల సాధన

నిమజ్జనం మంగళవారం. అయినా ఆదివారానికే నెక్లెస్ రోడ్డు మీద విగ్రహాల లారీలు. పార్కుకు వెళ్లలేదు. గుంపును చూసి సంఖ్య చెప్పడం ఇంట్లోనే సాధన చేశాం. పేపరు పరిచి, మేనకోడలు గుప్పెడు శనగలు విసిరేది. నేను ఐదు సెకన్లు చూసి సంఖ్య చెప్పి, తర్వాత ఒక్కొక్కటీ లెక్కపెట్టాలి.

1. నేను చెప్పింది 90, ఉన్నవి 143
2. 120, ఉన్నవి 171
3. 150, ఉన్నవి 188
4. 80, ఉన్నవి 94
5. 210, ఉన్నవి 226

ప్రతిసారీ తక్కువే చెప్పాను. మూడోసారి నుంచి పద్ధతి మార్చాం: ముందు పది శనగలు ఎంత మేర ఉన్నాయో కంటితో పట్టుకుని, ఆ ముక్కను మిగతా గుంపు మీద పరుచుకుంటూ పోవడం. తేడా మూడో వంతు దాటి ఉన్నది పదో వంతు లోపలికి వచ్చింది. జొన్న చేల మీద పడే పలిసపిట్టలు నగరం మీదుగా గుంపులు గుంపులుగా పోయే కాలం ఇది. ఆ గుంపు తల మీద ఉండేది ఏడెనిమిది సెకన్లు. శనగలు విసరకుండా ఆ లెక్క రాదు.

దశ 4. సెప్టెంబరు 22, 29: అసలు లెక్క మొదలు

22న 6:40కి మొదటి చోట నిలబడి బైనాక్యులర్ ఎత్తితే అంతా తెల్లగా పొగ. రాత్రంతా ఏసీ గదిలో ఉన్న అద్దం బయటి తేమకు మసకబారింది. తొందరలో చొక్కా అంచుతో తుడిచాను. మసక పోలేదు సరికదా, అద్దం మీద ఉన్న దుమ్ముతో సన్నని గీతలు రెండు పడ్డాయి. అవి ఇప్పటికీ ఉన్నాయి. 12 నిమిషాలు పోయాయి, మొదటి చోటు లెక్క ఆ రోజు లేదు.

మార్చింది: ముందు రాత్రే సంచిని బాల్కనీ పక్క గదిలో పెట్టడం. సంచిలో సిలికా జెల్ పొట్లాలు, ₹80. తుడిచే ముందు దుమ్ము ఊదే రబ్బరు బుడ్డి, మెత్తని బ్రష్, ₹150.

మిగతా మూడు చోట్ల లెక్క బాగా సాగింది. రెండో చోట కింద రాళ్ల మీద ఒక ఉల్లంకి, కామన్ శాండ్‌పైపర్, ఒంటరిగా తోక ఆడిస్తూ తిరుగుతోంది. దాని పక్కకు ఒక గ్రే వాగ్‌టెయిల్ జిట్టంగి వచ్చి వాలింది. మన శీతకాలానికి ఉత్తరం నుంచి వచ్చేవి రెండూ. గద్దలు ఒక్క చూపులో 27. నడుస్తూ వేసిన 64 పక్కన దీన్ని రాసుకున్నాను.

పార్కు ఊడ్చే అమ్మ ఒకరు నా పుస్తకం చూసి, ఏం రాస్తున్నావని అడిగారు. నీటిపిట్టల లెక్క అన్నాను. "వక్కలు రాసినవా సార్?" అన్నారు. చింతవక్కలు, అంటే నైట్ హెరాన్ కొంగలు, ఒక్కటీ కనబడలేదన్నాను. "ఆ చెట్టు కింద పొద్దుగాల ఊడ్వపోతే బాట అంత తెల్లగుంటది. రాత్రంత చెరువు మీద తిరిగి, తెల్లారంగ వచ్చి పైన కూసుంటయ్." నేను రెండు వారాలుగా ఆ చెట్టు కింది నుంచే నడుస్తున్నాను. ఆమె చీపురుతో చూపించిన కొమ్మ కిందికి వెళ్లి తలెత్తితే ఆకుల మధ్య బూడిదరంగు ముద్దలు, మెడలు లోపలికి లాక్కుని, ఎర్రటి కళ్లు సగం మూసుకుని. లెక్కపెడితే 19. నీళ్ల వైపు మాత్రమే చూడటం నా పద్ధతిలో లోపం. ఆ రోజు నుంచి ప్రతి చోటా పది నిమిషాల్లో చివరి రెండు నిమిషాలు వీపు వెనక చెట్లకు. రెట్టల మరకలున్న బాట కనబడితే ముందు పైకి చూడటం.

ఇప్పటిదాకా: 39 రకాలు. ఖర్చు ₹520.

దశ 5. అక్టోబరు 6, 13: కొట్టేసిన పేర్లు

6న పాత ఫొటోలు తెరిచి జాబితాను మళ్లీ సరిచూశాను. రెండు పేర్లు పోయాయి.

మొదటిది ఇండియన్ కార్మొరెంట్. మునిగి తేలిన నీటికాకి మెడ పొడుగ్గా కనబడింది కదా అని పెద్దది అనుకున్నాను. తడిసిన మెడ ఏ నీటికాకికైనా సన్నగానే కనబడుతుంది. చూడాల్సింది ముక్కు. చిన్న నీటికాకి ముక్కు పొట్టిగా మొద్దుగా ఉంటుంది, తల గుండ్రం. ఇండియన్ కార్మొరెంట్ ముక్కు సన్నగా పొడుగ్గా, చివర కొక్కెంతో ఉంటుంది. కళ్లు నీలి ఆకుపచ్చ. నా ఫొటోలో ఉన్నది చిన్నదే.

రెండోది ఫోన్‌లో ధ్వని పట్టే యాప్ చెప్పిన పేరు. ఆ నిమిషం రికార్డును ఇంట్లో మళ్లీ విన్నాం. అది ఉడుత. వెనక ఎంఎంటీఎస్ రైలు హారన్ కూడా ఉంది. మేనకోడలు వెంటనే పట్టేసింది, నేను మూడుసార్లు వింటే గానీ ఒప్పుకోలేదు. ఆ రోజు పెట్టుకున్న నియమం: యాప్ పేరు చెబితే అటు తిరిగి వెతకాలి, అంతే. సొంత చెవికి తెలిసిన కూత అయితేనే పుస్తకంలోకి.

ఈ నియమం వల్ల బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ జాబితాలోకి రావడానికి మూడు వారాలు పట్టింది. పొదలోంచి నాలుక అంగిట కొట్టినట్టు "టక్... టక్" అని వినబడుతుంది, కనబడదు. 13న మూడో చోట వెనక గన్నేరు పొదలో ఆకు కదిలింది, కొమ్మ మీదికి ఒక మట్టిరంగు పిట్ట వచ్చి నా ఎదురుగానే టక్ మంది. ఆ తర్వాత నుంచి విన్నా వేసుకుంటున్నాను.

ఈ నెలలో అందరూ తడబడేది బాతుల దగ్గర. గార్గనీ అనే వలస బాతులో మగది వేసవిలో అయితే కనుబొమ మీద వెడల్పాటి తెల్ల చారతో అర కిలోమీటరు నుంచి గుర్తు పట్టొచ్చు. ఇక్కడికి వచ్చేటప్పటికి ఆ ఈకలు రాల్చి ఆడదానిలాగే ఉంటుంది. ముఖం మీద చారలు చూడాలి: కంటి మీదుగా నల్ల గీత, దాని పైన లేత గీత, ముక్కు మొదట లేత చుక్క. ఎగిరినప్పుడు మగదాని రెక్క ముందు భాగం నీలి బూడిదగా మెరుస్తుంది. ముఖం కనబడకపోతే "బాతు, తెలియదు" అని ఒక గడి పెట్టాను. ఊహించి నింపిన పేరు కన్నా ఆ గడి మేలు.

జకానాకూ ఇదే చిక్కు. గుర్రపుడెక్క మీద నడిచే ఫెజంట్ టెయిల్డ్ జకానాకు ఈ కాలంలో ఆ పొడవు తోక ఉండదు. తోక కోసం వెతికితే దొరకదు, ఎగిరేటప్పుడు తెల్లగా మెరిసే రెక్కలు చూడాలి.

12వ తేదీ శనివారం దసరా. అక్టోబరు రెండో శనివారం కాబట్టి ప్రపంచ వలస పక్షుల దినం కూడా అదే రోజు పడింది. లెక్క లేని రోజైనా వెళ్లాను. నడకకు వచ్చినవాళ్లలో ముగ్గురు వేర్వేరుగా ఆగి, "పాలపిట్ట కనబడ్డదా?" అని అడిగారు. కనబడలేదు. దానికి పొడి బయలు, తీగల మీద కూర్చుని కిందికి చూసుకోవడానికి పంటచేను కావాలి. దసరాకు దాన్ని చూడాలనుకునేవాళ్లు పొద్దున్నే ఊరి పొలాలవైపు వెళ్లండి. పంజరంలో తెచ్చి చూపించేవాళ్లకు మాత్రం డబ్బు ఇవ్వకండి. అడవి పిట్టను పట్టి బంధించడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ పిట్టకు అది ప్రాణం మీదికి వచ్చే బాధ.

ఇప్పటిదాకా: 39లో 2 పోయాయి, 8 చేరాయి. 45 రకాలు.

దశ 6. అక్టోబరు 20 నుంచి నవంబరు 10: బాతులు తగ్గాయి

మొదటి చోట బాతుల లెక్క:

అక్టోబరు 20: 46
అక్టోబరు 27: 31
నవంబరు 3: 19
నవంబరు 10: 17

అక్టోబరు 31 దీపావళి. నవంబరు 3న ఆ 19 వేసుకోగానే పక్కన పెన్సిల్‌తో "టపాసులకు పోయాయి" అని రాశాను. ఎంత సులువుగా రాశానో ఇప్పుడు చూస్తే బాధగా ఉంది. 27వ తేదీకే 46 కాస్తా 31 అయింది, అప్పటికి దీపావళి రాలేదు. నా పుస్తకంలోనే ఉన్న ఆ అంకె నాకు కనబడలేదు.

10న 17 చూశాక మనసు ఒప్పుకోక సాయంత్రం 4 గంటలకు మళ్లీ వెళ్లాను. అదే మొదటి చోట, అదే 120 డిగ్రీల దిక్కు, పది నిమిషాలు. 52.

పాత పేజీలు తిరగేస్తే ప్రతి వారం రాసిన ఆ డిగ్రీలు కనబడ్డాయి. ఫోన్‌లో సూర్యుడి దిక్కు చూపే పటం తెరిచి పక్కన పెట్టుకున్నాను. సెప్టెంబరు 22న సూర్యుడు సరిగ్గా తూర్పున, 90 డిగ్రీల దగ్గర పొడిచాడు. అక్టోబరు 20కి 101. నవంబరు 10కి 108. నేను చూస్తున్నది 120 వైపు. వారం వారం సూర్యుడు దక్షిణానికి జరుగుతూ నా బాతుల మీదికి వచ్చేశాడు. నీళ్లన్నీ వెండి రేకు, దాని మీద బాతులు నల్ల చుక్కలు. దగ్గరివి మాత్రమే లెక్కకు అందుతున్నాయి, దూరపువి వెలుగులో కలిసిపోతున్నాయి.

సాయంత్రానికి బాతులు వేరే చోటి నుంచి వచ్చి చేరి ఉండొచ్చు కదా అని మేనకోడలు అడిగింది. సరైన ప్రశ్న. అందుకే 17న ఇద్దరం ఒకేసారి లెక్కపెట్టాం:

1. ఆమె పాత మొదటి చోట, 120 డిగ్రీల వైపు.
2. నేను పార్కు తూర్పు చివర. అక్కడి నుంచి అవే నీళ్లు 190 డిగ్రీల దిక్కున ఉంటాయి, సూర్యుడు ఎడమ పక్కన ఉండిపోతాడు.
3. రెండు ఫోన్లలో ఒకే అలారం, 6:50 నుంచి 7:00.
4. లెక్క అయ్యేదాకా మాట్లాడుకోకూడదు.

ఆమెకు 18. నాకు 49.

బాతులు ఎక్కడికీ పోలేదు. "టపాసులకు పోయాయి" అన్న మాటను చెరపలేదు, దాని మీద ఒక గీత గీసి, కింద కారణం రాశాను. ఆ మూడు వారాల అంకెల పక్కన "ఎదురెండ" అని గుర్తు వేశాను. పిట్టల జాబితాలు నమోదు చేసే వెబ్‌సైటు ఈబర్డ్‌లో పంపిన జాబితాల వ్యాఖ్యల్లోనూ ఇదే మాట చేర్చాను. టపాసుల మోతకు పిట్టలు బెదరవని నేను అనడం లేదు. దాన్ని తేల్చాలంటే పండగ ముందు వారం, తర్వాతి వారం ఒకే వెలుగులో లెక్క ఉండాలి. నా దగ్గర లేదు. వచ్చే ఏడు ఉంటుంది.

ఉత్తరపు గట్టు మీద నిలబడి దక్షిణానికి చూసే పార్కు ఏదైనా ఇదే ఇబ్బంది. సెప్టెంబరులో చోట్లు పెట్టుకునేటప్పుడే నవంబరు సూర్యుడిని లెక్కలోకి తీసుకోండి. పొద్దుటి లెక్కకు 90కీ 150కీ మధ్య దిక్కుకు తిరిగే చోటు ఏదీ పెట్టుకోకండి.

ఈ మధ్యలోనే ఇంకొకటి. అక్టోబరు 27కు మూడో చోట ముందున్న గుర్రపుడెక్కను యంత్రం తీసేసింది. నీలిరంగు బొల్లికోళ్లు అక్కడ 14 నుంచి 5కు పడ్డాయి. నాలుగో చోట మాత్రం 6 ఉన్నవి 13 అయ్యాయి. రెండూ కలిపితే 20, 18. చోటుకో గడి లేకుండా మొత్తమే రాసి ఉంటే ఏమీ జరగలేదనిపించేది. మూడో చోట మాత్రమే చూసి ఉంటే పిట్టలు పోయాయనిపించేది.

ఇప్పటిదాకా, 17వ తేదీవి కూడా కలిపి: 53 రకాలు. ఖర్చు ₹520, పెరగలేదు.

దశ 7. నవంబరు 24: చివరి ఆదివారం

కొత్త మొదటి చోటు నుంచి బాతులు 51, వాటిలో ముఖం చూసి తేల్చుకున్న గార్గనీలు 6, "బాతు, తెలియదు" గడిలో 3. నామాలకోళ్లు 33. చింతవక్కలు 23. నీలిరంగు బొల్లికోళ్లు, రెండు చోట్లా కలిపి 19. గద్దలు ఒక్క చూపులో 31. బుడుబుంగలు ఎప్పటిలాగే మునిగి ఎక్కడో తేలుతూ లెక్కను తప్పించాయి. వాటికి ఒకే ఒక దారి, నీటి మీద ఏకకాలంలో కనబడ్డ ఎక్కువ సంఖ్యనే వేసుకోవడం: 9. కొత్తగా చేరింది ఒక్కటే, నాలుగో చోట గడ్డి చివర వాలిన సైబీరియన్ స్టోన్‌చాట్. మొత్తం 54 రకాలు.

ఊడ్చే అమ్మకు వక్కల అంకె చెప్పాను. "నిన్న ఒకటి పిల్లది కింద పడ్డది సార్, చుక్కల చుక్కల ఉండె, మల్ల ఎగిరిపోయింది," అన్నారు. చుక్కలున్నవి ఆ ఏడు పుట్టినవి. అంటే 23లో వాటికి వేరే గడి ఉండాలి. డిసెంబరు పేజీలో ఆ గడి గీశాను.

రెండో చోట కింద ఉల్లంకి ఉంది. సెప్టెంబరు 22 నుంచి లెక్కపెట్టిన ప్రతి ఆదివారం ఆ పది అడుగుల రాళ్ల వరస మీదే, ఒక్కటే. ఇంకో ఉల్లంకి వచ్చి వాలబోతే రెక్కలు వణికిస్తూ నీటిని రాసుకుంటూ వెళ్లి తరిమింది. తిరిగి వచ్చి, పైన పచ్చని నాచు పట్టిన అదే చదును రాయి మీద నిలబడి తోక ఆడించింది. సమయం 7:14. కౌంటర్ నొక్కాను: ఉల్లంకి, 2.